చదువుకున్న చేతులకు నెత్తురు అంటదా?

ఎక్కడైనా ఘోరం జరిగిందని తెలియగానే ఒక మాట చేతులు మారుతూ మన దాకా వస్తుంది. "ప్రతి మనిషిలోనూ ఒక మృగం ఉంటుంది. చదువు, సంస్కారం, హోదా దాన్ని కట్టేసి ఉంచుతాయి. అవి లేని అట్టడుగు మనుషుల్లో అది కట్లు తెంచుకుంటుంది. క్రూరుడు పుట్టుకతోనే క్రూరుడు." నేను గౌరవించే మనుషులు కూడా దీన్ని పంచుకుంటున్నారు. అందుకే ఒక్కో ముక్కా పట్టుకుని జవాబు చెప్పాలనిపించింది.

చదువు, హోదా సంగతి ముందు చూద్దాం. 1942 జనవరి 20న బెర్లిన్ శివారులో, వాన్‌సే సరస్సు ఒడ్డున ఒక భవంతిలో నాజీ జర్మనీ ఉన్నతాధికారులు 15 మంది సమావేశమయ్యారు. ఐరోపాలోని యూదులను తుడిచిపెట్టే పనిలో ఏ శాఖ ఏం చేయాలన్నది అక్కడి చర్చ. గంటన్నరలో ముగిసింది. ఆ 15 మందిలో ఎనిమిది మందికి డాక్టరేట్లు ఉన్నాయి. సమావేశ నివేదికలో ఏ దేశంలో ఎందరు యూదులున్నారో పట్టిక వేశారు. చిన్న దేశం కదా అని అల్బేనియాను కూడా వదల్లేదు, దాని ఎదురుగా 200 అని రాశారు. మొత్తం కోటీ పది లక్షలు దాటింది. చంపడం అనే మాట బదులు తూర్పుకు తరలింపు అని రాసుకున్నారు. ఇక్కడ కట్లు తెంచుకున్న మృగం ఏది? ఏ మృగమూ పట్టిక వేయదు. చదువు ఆ చేతులను ఆపలేదు సరికదా, వాటికి పని నేర్పింది.

హోదా క్రూరత్వాన్ని అణచదు. నెత్తురు కంటపడనంత దూరంలో మనిషిని కూర్చోబెడుతుంది, అంతే. 1960ల మొదట్లో అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయంలో మనస్తత్వవేత్త స్టాన్లీ మిల్‌గ్రామ్ చేసిన ప్రయోగాలు దీన్ని అంకెల్లో చూపించాయి. తప్పు జవాబు చెప్పిన ప్రతిసారీ అవతలి మనిషికి కరెంటు షాకు పెంచుతూ పోవాలి. అది ఉత్తుత్తి షాకని మీట నొక్కేవారికి తెలియదు. ఆ మనిషి చేతిని తామే పట్టి షాకు పలక మీద అదమాల్సి వచ్చినప్పుడు 40 మందిలో 12 మందే చివరి మెట్టయిన 450 వోల్టుల దాకా వెళ్లారు. మీట వేరొకరు నొక్కుతుంటే పక్కనే కూర్చుని మిగతా పని చూసుకునే ఏర్పాటులో మాత్రం 40 మందిలో 37 మంది చివరిదాకా కదల్లేదు. పెద్ద కుర్చీ అంటే దాదాపు ఎప్పుడూ ఈ రెండో ఏర్పాటే.

"జైళ్ల నిండా ఉన్నది పేదవాళ్లే కదా" అంటారు. ఎవరు పట్టుబడ్డారో, ఎవరికి మంచి లాయరు దొరికాడో జైలు చెబుతుంది. ఎవరు క్రూరులో చెప్పదు.

ఇక పుట్టుక. 1942 జూలై 13, తెల్లవారుజాము. పోలండ్‌లోని యూజెఫూఫ్ దగ్గర జర్మన్ రిజర్వ్ పోలీసు బెటాలియన్ 101 వరుసలో నిలబడింది. ఎక్కువమంది హాంబర్గ్ నుంచి వచ్చిన నడివయసు మనుషులు: రేవు కూలీలు, లారీ డ్రైవర్లు, గుమాస్తాలు. మేజర్ ట్రాప్ కళ్లలో నీళ్లతో, పూడుకుపోయిన గొంతుతో ఉత్తర్వు చెప్పాడు. ఊళ్లోని యూదు స్త్రీలను, పిల్లలను, వృద్ధులను కాల్చాలి. చేయలేమనుకున్న పెద్ద వయసువారు పక్కకు రావచ్చని కూడా అన్నాడు. దాదాపు 500 మందిలో అప్పుడు అలా పక్కకు వచ్చింది పదీ పన్నెండు మంది. ఆ రోజు ముగిసేసరికి కనీసం 1,500 మందిని చంపేశారు. మిగిలినవాళ్లంతా పుట్టు క్రూరులని నేను నమ్మలేను. తోటివాళ్ల ముందు పిరికివాడు అనిపించుకోకూడదన్న భయం చాలామందిని అక్కడే నిలబెట్టింది. ఏడ్చిన మేజర్ కూడా ఉత్తర్వును ఆపలేదు.

జాలి అనేదే తెలియని మనుషులు ఉన్నారు, కాదనను. కానీ వాళ్లు కొద్దిమంది. ఒక ఊరిని తుడిచిపెట్టడానికి ఆ కొద్దిమంది చాలరు, మామూలు మనుషులు కావాలి. ఆ మామూలు మనుషుల్లో మనం లేమని చెప్పి నిద్రపుచ్చడమే ఈ ప్రచారం చేస్తున్న అసలు హాని.

అలాగని పరిస్థితే సర్వస్వం అనే ఎదురువాదాన్నీ ఒప్పుకోను. దానికి తురుపు ముక్కగా చూపేది 1971 స్టాన్‌ఫర్డ్ జైలు ప్రయోగం, విద్యార్థులకు కాపలాదారుల, ఖైదీల వేషాలిచ్చి ఉత్తుత్తి జైలు నడిపినది. అందులో, కఠినంగా ఉండమని కాపలాదారులను నిర్వాహకులే ఎగదోసినట్టు తర్వాత రికార్డింగులు బయటపెట్టాయి. స్వభావానికీ పాత్ర ఉంది. ఘోరం చేయమన్నప్పుడు ఎవరు ఎదురుతిరుగుతారన్న చోట అది కనిపిస్తుంది.

1968 మార్చి 16న వియత్నాంలోని మై లైలో అమెరికా సైనికులు ఊరివాళ్లను చంపుతున్నారు. హ్యూ థాంప్సన్ అనే 24 ఏళ్ల పైలట్ తన హెలికాప్టర్‌ను సైనికులకూ గ్రామస్థులకూ మధ్య దించాడు. ఎదురుగా ఉన్న లెఫ్టినెంట్ అతనికంటే పై అధికారి. అయినా, మనవాళ్లు ఈ జనం మీద కాల్పులు జరిపితే తిరిగి కాల్చమని తన ఇద్దరు సిబ్బందికీ చెప్పి, బంకరులో దాక్కున్నవాళ్లను బయటికి పిలిచాడు. తర్వాత ఒక గుంటలో శవాల మధ్య ఏదో కదిలినట్టు కనిపించింది. సిబ్బందిలో ఒకడైన గ్లెన్ ఆండ్రియోటా ఆ నెత్తుటిలోకి దిగి, ఒక పసివాణ్ణి ఎత్తుకుని పైకి వచ్చాడు.