అప్పలస్వామి ఏ ఊరివాడో మనమే చెప్పాలి

మా ఆఫీసులో దక్షిణాఫ్రికాలోని డర్బన్‌లో పుట్టి పెరిగిన ఒకావిడ ఉన్నారు. పోయినేడాది ఒకరోజు లంచ్ టైములో ఫోన్ నా ముందు పెట్టి, "ఇందులో మీ భాష మాటలేమైనా ఉన్నాయా, కాస్త చూడండి" అన్నారు. చూస్తే ఓడ రిజిస్టరులో ఒక పేజీ ఫోటో. ఆవిడ ముత్తాత 1890ల్లో మద్రాసులో ఓడెక్కి నటాల్ (డర్బన్ ఉన్న ప్రాంతం, అప్పట్లో బ్రిటిష్ వలస) చెరుకు తోటలకి కూలికి వెళ్ళాడు. ఒక్క వరసలో మనిషి మొత్తం సర్దేశారు: నంబరు, పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, ఠాణా, ఊరు, ఒంటి మీద గుర్తులు. ఎడమ మోకాలి మీద మచ్చ, అని ఉంది. మిగతావన్నీ గుమాస్తా అడిగి రాసుకున్నవి, అదొక్కటే కళ్ళతో చూసి రాసింది.

ఊరు గడిలో 'సిపురపిల్లి' అని ఇంగ్లీషు అక్షరాల్లో ఉంది. ఆవిడ ఏళ్ళ తరబడి ఆ పేరు కోసం మ్యాపులన్నీ గాలించారట. నాకు అర నిమిషం కూడా పట్టలేదు. ఇందులో నా గొప్పేమీ లేదు, మా అమ్మమ్మ వాళ్ళది విజయనగరం వైపు, చీపురుపల్లిని 'సీపురుపల్లి' అనేవాళ్ళని చిన్నప్పటి నుంచి వింటూ పెరిగాను, అంతే. చెప్పినవాడు తన యాసలో చెప్పాడు, రాసినవాడు తన చెవికి ఆనినంత రాసుకుని తర్వాతి మనిషిని పిలిచాడు. దాంతో ఒక కుటుంబానికి నూటపాతికేళ్ళకి పైగా సొంత ఊరు లేకుండా పోయింది.

నేను చెప్పేది ఇదే. తెల్లవాళ్ళ కాలం నాటి రికార్డులు కాపాడాలి అనగానే మనకి స్కానర్లు, హార్డ్‌డిస్కులు గుర్తొస్తాయి. స్కాన్ చెయ్యడం మంచిదే, కాగితం పొడైపోయే లోపు చెయ్యాల్సిందే, కానీ చదివేవాళ్ళు లేని స్కాన్ బీరువాలో పెట్టి తాళం పోగొట్టుకున్న పెట్టెతో సమానం. నటాల్ ఓడల జాబితాల సంగతే చూడండి. మద్రాసు నుంచి వెళ్ళిన మొదటి ఓడ ట్రూరో 1860 నవంబరు 16న డర్బన్ చేరింది, అందులో 342 మంది. అప్పటి నుంచి 1911 వరకు మద్రాసు, కలకత్తా రేవులు రెండూ కలిపి సుమారు లక్షా 52 వేల మంది వెళ్ళారు. ఆ జాబితాలు పోలేదు, భద్రంగానే ఉన్నాయి. దక్షిణాఫ్రికా చరిత్రకారులు ఓపికగా కంప్యూటర్లోకి కూడా ఎక్కించారు, వాళ్ళకి దండం పెట్టాలి. కానీ ఎక్కించింది గుమాస్తా స్పెల్లింగు. దాని వెనక ఉన్న తెలుగు పేరేమిటో వాళ్ళని చెప్పమంటే ఎలా చెప్తారు?

మనం చెప్పగలం. డర్బన్ వైపు అప్పల్‌సామి అని ఇంటిపేరు ఉన్నవాళ్ళు కనిపిస్తారు. అక్కడివాళ్ళకి అది ఒట్టి ఇంటిపేరు, మనకి సగం అడ్రసు. అప్పలస్వామి అంటే సింహాచలం అప్పన్న పేరు, అంటే విశాఖపట్నం, విజయనగరం, శ్రీకాకుళం చుట్టుపక్కల వెతకాలి. పైడమ్మ అంటే విజయనగరం పైడితల్లి, నూకమ్మ అంటే అనకాపల్లి నూకాలమ్మ. ఇక ఉత్తర ఆర్కాటు జిల్లా అని కనపడితే కాస్త ఆగాలి, అప్పట్లో చిత్తూరు అందులోదే, ఆ మనిషి తెలుగో తమిళమో పేరుని బట్టి, తండ్రి పేరుని బట్టి, ఊరిని బట్టి తేల్చుకోవాలి. ఇంత తతంగం ఏ సాఫ్ట్‌వేరుకీ ఒక్కదానికే అప్పజెప్పలేం.

ఇదేమీ సరదా పని కాదు. మారిషస్‌లో ఉన్న భారత సంతతిలో ఏడో తరం వాళ్ళకి కూడా ఓసీఐ కార్డు (విదేశాల్లోని భారత సంతతివాళ్ళకి ఇచ్చే గుర్తింపు కార్డు) ఇస్తామని భారత ప్రభుత్వం 2024లో ప్రకటించింది. దానికి రుజువేమిటంటే, ఇలాంటి పాత కాగితమే. అక్కడ తెలుగువాళ్ళని ఒకప్పుడు కోరంగి రేవు పేరు మీద 'కొరింగీలు' అనేవారు. రేవు పేరు జాతి పేరైపోయింది, మనుషుల పేర్లేమో ఎవరి నోట్లోనో నలిగిపోయాయి.

కైఫియత్తుల (ఊరూరి చరిత్ర రాసిన పాత రాతప్రతుల) కథ తెలిసినవాళ్ళకి ఇదంతా కొత్త కాదు. ఈస్టిండియా కంపెనీ సర్వే అధికారి కాలిన్ మెకంజీ దగ్గర పనిచేసిన, ఏలూరుకి చెందిన కావలి సోదరులు, వాళ్ళ మనుషులు ఊరూరా తిరిగి, పెద్దల్ని, కరణాల్ని అడిగి ఊళ్ళ చరిత్రలు రాయించారు. అవి పాడైపోతుంటే బ్రౌన్ దొర మళ్ళీ ప్రతులు రాయించాడు. అయినా అచ్చులోకి వచ్చేదాకా అవి పండితుల సొత్తే. కడప జిల్లా కైఫియత్తులు పుస్తకాలుగా వచ్చాకే మామూలు పాఠకుడు తన ఊరి పేజీ తీసి చదువుకోగలిగాడు.

పద్ధతి విషయంలో మాత్రం నేను మొండివాణ్ణి. అసలు పేజీ ఫోటో, పక్కన గుమాస్తా రాసింది రాసినట్టు, ఆ పక్కన మన చదువు, ఎంత నమ్మకంగా చెప్తున్నామో ఒక ముక్క. 'సిపురపిల్లి' కొట్టేసి చీపురుపల్లి రాయకూడదు, రేపు నాది తప్పని ఇంకెవరైనా తేల్చొచ్చు.

కులం గడి గురించి ఎప్పుడూ గొడవే. తీసేద్దాం, ఇప్పుడెందుకు అని కొందరంటారు. వాళ్ళ బాధ అర్థమవుతుంది, కొన్ని మాటలు చదువుతుంటే ఒళ్ళు మండుతుంది కూడా. కానీ చెరిపేస్తే ఎవరు ఎందుకు ఊరొదిలి వెళ్ళారో కూడా దాంతోపాటే చెరిగిపోతుంది. పైగా చెప్పినవన్నీ నిజాలూ కావు, భయానికో, సిగ్గుకో, కూలీల్ని కుదిర్చేవాడు నేర్పాడనో పేరూ కులమూ మార్చి చెప్పినవాళ్ళున్నారు. ఉన్నది ఉన్నట్టు పెట్టి, ఈ మాట కింద రాస్తే సరిపోతుంది.

డబ్బుల మాట కూడా అనేస్తాను, సంపాదకులు కత్తిరించకపోతే. మన తెలుగు సంఘాలు మూడు రోజుల సభలకి పెట్టే ఖర్చులో ఒక్క పూట భోజనాల ఖర్చు చాలు, ఒక ఓడ జాబితా మొత్తం చదివించొచ్చు. వాలంటీర్లు ఉంటారు సరే, కానీ జిల్లాల్లో ఊరూరి పేర్లు, పాత దస్తూరి తెలిసిన పెద్దవాళ్ళని ఊరికే చేయించుకోవడం భావ్యం కాదు, డబ్బిచ్చి కూర్చోబెట్టాలి, అదీ త్వరగా.

చీపురుపల్లి ఫోటో ఒకటి పంపమని మా పెద్దమ్మ కొడుకుని అడిగితే రైల్వే స్టేషన్ బోర్డు తీసి పంపాడు. మా ఆఫీసావిడ ఆ పేరు మూడుసార్లు పలికి చూసుకున్నారు. తర్వాత వాళ్ళ పిన్ని ఇంకో నాలుగు పేజీల ఫోటోలు పంపింది, వాటిలో రెండు ఊళ్ళు నాకు అంతుబట్టలేదు. ఒకటి గోదావరి జిల్లాది, ఒకటి ఉత్తర ఆర్కాటుది. ఆ వైపు వాళ్ళెవరైనా ఉంటే నాకు ఫోన్ చెయ్యండి, పేజీలు పంపుతాను.