పెరటి చెట్టు నరికి మందు కొంటారా?

ప్రయోగశాల మూసేస్తున్నామని ఏ కంపెనీ నేరుగా ఒప్పుకోదు. 'ఓపెన్ ఇన్నోవేషన్ వైపు మళ్లుతున్నాం' అంటుంది. స్టార్టప్‌లను కొంటాం, యూనివర్సిటీలతో ఒప్పందాలు చేసుకుంటాం, ఇంత మందికి జీతాలెందుకు అంటుంది. 2003లో మేనేజ్‌మెంట్ ప్రొఫెసర్ హెన్రీ చెస్‌బ్రో ఆ మాటను ప్రచారంలోకి తెచ్చింది ఇందుకు కాదు. బయటి ఆలోచనలను లోపలికి రానివ్వమన్నాడు గానీ, లోపలి మనుషులను బయటికి పంపమనలేదు.

బయటి నుంచి తెచ్చుకోవడంలో లాభం లేదని నేననను. ప్రింగిల్స్ చిప్స్ మీద బొమ్మలు ముద్రించాలని ప్రాక్టర్ అండ్ గాంబుల్ అనుకున్నప్పుడు, ఆ పద్ధతి ఇటలీలోని బొలోన్యాలో ఒక చిన్న బేకరీలో దొరికింది. 2004లో సరుకు మార్కెట్లోకి వచ్చేసింది. ఈ కథను అందరూ చెబుతారు. ఆ రోజుల్లో కంపెనీకి సొంతంగా 7,500 మంది దాకా పరిశోధకులున్నారన్న సంగతి మాత్రం దాటేస్తారు. ఏం వెతకాలో తేల్చి రాసిచ్చింది లోపలివాళ్లే.

లోపలి చూపు పలచబడితే ఏమవుతుందో బోయింగ్‌ను చూడండి. 2007 జులై 8న 787 విమానాన్ని ఆర్భాటంగా ప్రపంచానికి చూపించింది. బయటికి తళతళలాడుతోంది. లోపల చాలా వ్యవస్థలు ఇంకా అమర్చనే లేదు. ఎన్నో చోట్ల తాత్కాలిక బిగింపులే ఆధారం. తయారీతో పాటు డిజైన్ పనిలోనూ పెద్ద వాటాను సరఫరాదార్లకు అప్పగించిన ఫలితమది. మొదటి విమానం కొనుగోలుదారు చేతికి వెళ్లేసరికి 2011 సెప్టెంబరు, మూడేళ్లకు పైగా ఆలస్యం. ఈలోగా 2009లో సౌత్ కరోలినాలోని ఒక సరఫరాదారు ప్లాంటును బోయింగే కొనుక్కుంది. వదిలేసిన పనిని డబ్బిచ్చి వెనక్కి తెచ్చుకోవడమంటే ఇదే.

కోహెన్, లెవింతాల్ అనే ఇద్దరు పరిశోధకులు 1990లోనే ఈ లెక్క తేల్చారు. బయటి జ్ఞానం విలువను గుర్తుపట్టాలన్నా, ఒంటబట్టించుకోవాలన్నా అంతకుముందే లోపల కొంత జ్ఞానం ఉండాలి. సొంత పరిశోధన కొత్తదాన్ని కనిపెట్టడమే కాదు, కొనేవాడికి కళ్లిస్తుంది.

మరి ఇంత తెలిసీ చెట్టెందుకు నరుకుతున్నారు? నా మటుకు అసలు దోషి లెక్కల పుస్తకం. అమెరికా అకౌంటింగ్ నిబంధనల ప్రకారం సొంత ప్రయోగశాల మీద పెట్టిన డబ్బు దాదాపుగా ఆ ఏడాది ఖర్చే, నేరుగా లాభంలోంచి కోతే. అదే పరిశోధన సగంలో ఉన్న వేరే కంపెనీని మొత్తంగా కొంటే ఆ సగం పనే ఆస్తిగా పద్దులోకి ఎక్కుతుంది! ఒకే విద్య ఇంట్లో నేర్చుకుంటే నష్టం, వీధిలో కొంటే సంపద. మూడు నెలలకోసారి లాభం చూపించాల్సిన సీఈవో ఎటు మొగ్గుతాడో వేరే చెప్పాలా?

ఆ పుస్తకంలో ఓడిపోయిన ప్రయోగాలకైతే గడే లేదు. ఐదేళ్ల కింద ఒక పూతను పరీక్షించి, ఏ వేడి దగ్గర పగుళ్లిచ్చిందో చేత్తో తడిమి చూసిన ఇంజినీరు ఉంటుంది. ఆ సంగతి పేటెంటులో ఉండదు, నివేదికలోనూ సరిగా ఉండదు, ఆమెకు తెలుసంతే. పొదుపు పేరుతో ఆమెను పంపేస్తారు. మరుసటి ఏడాది అదే పూతను కొత్త పేరుతో ఒక స్టార్టప్ అమ్మకానికి తెస్తుంది. బల్లకు ఇవతల కూర్చున్న వాళ్లలో ధర అడిగేవాళ్లే తప్ప, ఎంత వేడికి తట్టుకుంటుందని అడిగేవాళ్లుండరు.