హబ్ మోటార్‌కు గేర్లతో వాట్లు పెరగవు

"250 వాట్ల హబ్ మోటార్ ఉన్న ఎలక్ట్రిక్ సైకిల్‌కు వెనక పెద్ద ఫ్రీవీల్ (చైను తిప్పే పళ్ల చక్రం) బిగించండి, పవర్ రెట్టింపు అవుతుంది" అనే మాట బాగా తిరుగుతోంది. అది నమ్మి డబ్బు పోగొట్టుకునేవాళ్లను చూస్తే బాధేస్తుంది.

ముందు ఫ్రీవీల్ సంగతి. హబ్ మోటార్ చక్రం మధ్యలో కూర్చుని దాన్ని నేరుగా తిప్పుతుంది. చైను మోసేది మీ కాళ్ల బలాన్నే. వెనక పళ్లు పెంచితే తొక్కడం తేలికవుతుంది, మోటార్‌కు ఏ మార్పూ ఉండదు.

"లోపల గేర్లున్న హబ్ అయితే ఎక్కువ పవర్ ఇస్తుంది కదా" అంటారు. ఏ గేరూ పవర్‌ను పుట్టించదు. టార్క్‌ను, అంటే తిప్పే బలాన్ని, తిరిగే వేగంతో గుణిస్తే వచ్చేదే పవర్. గేరు ఒకటి తగ్గించి ఇంకోటి పెంచుతుంది, మధ్యలో రాపిడికి కొంత పోతుంది. 36 వోల్టుల బ్యాటరీ నుంచి కంట్రోలర్ (మోటార్‌కు వెళ్లే కరెంట్‌ను అదుపు చేసే పరికరం) 15 ఆంపియర్లే రానిస్తే లోపలికి వెళ్లేది 540 వాట్లు. చక్రం దగ్గర అంతకంటే తక్కువే అందుతుంది.

అయినా గేర్ల మాట పూర్తిగా తప్పు కాదు. మోటార్ తీగచుట్టలు వేడెక్కేది టార్క్‌ను బట్టి. టార్క్ రెట్టింపైతే ఆ వేడి నాలుగు రెట్లవుతుంది. 20 న్యూటన్ మీటర్ల టార్క్‌తో మోటార్ నిమిషానికి 200 చుట్లు తిరిగితే సుమారు 420 వాట్లు, 100 చుట్లే తిరిగితే 210. చుట్టల్లో వేడి మాత్రం రెండుసార్లూ ఒకటే. అందుకే చిన్న మోటార్‌ను చక్రం కంటే నాలుగైదు రెట్లు వేగంగా తిరగనిచ్చే ప్లానెటరీ గేర్ల హబ్ (నడిమి పళ్ల చక్రం చుట్టూ చిన్న పళ్ల చక్రాలు అమర్చినది), తన బరువుకు మించి పనిచేస్తుంది. ఎత్తు ఎక్కేటప్పుడు మిడ్ డ్రైవ్, అంటే పెడళ్ల దగ్గర బిగించే మోటార్, మెరుగనిపించేదీ ఇందుకే. దాని బలం చైను మీదుగా వెళ్తుంది కాబట్టి సైకిల్ గేర్లు దానికీ పనికొస్తాయి. హబ్ లోపలి గేర్ల నిష్పత్తిని మాత్రం దారిలో మార్చలేం.

చిన్న చక్రం వేసుకోమనే సలహా కొంత నయం. అదే మోటార్‌ను 26 అంగుళాల చక్రం నుంచి 20 అంగుళాల చక్రానికి మారిస్తే ముందుకు తోసే బలం 30 శాతం పెరుగుతుంది, గరిష్ఠ వేగం దాదాపు 23 శాతం తగ్గుతుంది. ఎత్తులు ఎక్కేవాళ్లకు లాభమే, కానీ వాట్లు అవే.

నిజంగా పవర్ పెరగాలంటే వోల్టేజి పెంచాలి, లేదా కరెంట్ పెంచాలి. కరెంట్ పెంచితే గేర్ల హబ్‌లో నైలాన్ పళ్లు అరిగిపోవచ్చు. ఇరుసు ఫోర్కులో తిరిగిపోయి మోటార్ వైర్లు తెగవచ్చు, చక్రమే ఊడిపోవచ్చు. ఇరుసు తిరగకుండా పట్టి ఉంచే టార్క్ ఆర్మ్ బిగించకుండా దయచేసి ఆ పనికి దిగకండి.