గైడుకి డబ్బులిచ్చేది "వద్దు" అనడానికే బావా

భోగి మంట దగ్గర మొదలైన గొడవ కనుమ దాకా నడిచింది. అందుకే ఇంత పొడుగు పోస్టు. ఓపిక ఉన్నవాళ్ళు చదవండి, లేనివాళ్ళు మిగిలిన అరిసెలు తింటూ చదవండి.

మా మేనత్త కొడుకు హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తాడు. మూడేళ్ళుగా స్నోబోర్డు (మంచు వాలు మీద పలకెక్కి జారే ఆట) పిచ్చి పట్టింది. పోయిన ఫిబ్రవరిలో కశ్మీర్‌లోని గుల్‌మార్గ్ వెళ్ళొచ్చి ఆ కబుర్లు ఇప్పుడు మంట దగ్గర చెప్తున్నాడు. "రోజుకింత అని గైడుకి ముందే కట్టాం. పొద్దున్నే గండోలాలో, అదే కేబుల్ కారులో, అఫర్వత్ కొండ పైదాకా తీసుకెళ్ళాడు. అక్కడ పారతో గొయ్యి తవ్వాడు, ఏదో తట్టి చూశాడు, ఈ పక్క వద్దన్నాడు. మళ్ళీ కిందకి దింపి బాబారేషి వైపు చెట్ల మధ్య తిప్పాడు. దానికి అంత డబ్బా? మోసం కాకపోతే ఏటి?"

చుట్టూ ఉన్నవాళ్ళంతా మోసమే, మోసమే అన్నారు. వాళ్ళలో సగం మంది మంచు అనేది ఫ్రిజ్‌లో తప్ప ఎక్కడా చూడలేదు. అది వాళ్ళ తప్పు కాదు. కానీ మా బావ తప్పు. ఎందుకంటే వాడు పుట్టింది సఖినేటిపల్లిలో.

వాడు మర్చిపోయాడేమో గానీ నేను మర్చిపోలేదు. ఆగస్టులో మా ఊరి పక్క వశిష్ఠ గోదావరి ఎర్రగా పొంగితే నరసాపురం రేవుకి పంటు (ఏరు దాటించే పెద్ద పడవ) ఆపేస్తారు. ఒడ్డున బైకుల మీద కూర్చుని మనవాళ్ళు తిట్టే తిట్లు ఇక్కడ రాయలేను. పెళ్ళికి వెళ్ళాలని ఒకడు, ఆసుపత్రికని ఒకడు, ఏ పనీ లేకుండా ఊరికే అవతలికి పోవాలని ఇంకొకడు. సరంగు మాత్రం బీడీ పీకుతూ "పోదండీ, నీళ్ళు చూశారా" అంటాడు, అంతే. మనకి కనిపించేవి నీళ్ళే. అతనికి కనిపించేవి వేరు. పోయిన వరదకి మేట ఎక్కడ వేసిందో, సుడి ఏ పక్క తిరుగుతోందో, పైనుంచి కొట్టుకొచ్చే దుంగలు ఏ ఒడ్డుకి ఒరుసుకుంటూ వస్తున్నాయో. 2019 సెప్టెంబర్ 15న గోదావరిలో కచ్చులూరు దగ్గర 70 మందికి పైగా ఉన్న టూరిస్టు బోటు మునిగినప్పుడు ఆ ఊరూ ఈ ఊరూ అని లేకుండా అందరం అన్న మాట ఒకటే: "వరదలో ఎందుకు వదిలారు?" అప్పుడు వదిలినందుకు తిట్టాం. గుల్‌మార్గ్‌లో గైడు వదలనందుకు తిడుతున్నాం.

అసలు ఆ గైడు తవ్విన గొయ్యిలో ఏం చూశాడో చెప్తాను. దీనికి ఆత్రేయపురం వెళ్ళాలి.

పూతరేకు తెలుసుగా. రేకు మీద రేకు, మధ్యలో పంచదార పొడి. నెయ్యి బాగా పట్టిన చోట రేకులు అతుక్కుని ఉంటాయి. నెయ్యి తక్కువై పొడి ఎక్కువైన చోట పట్టుకుంటే పై రేకు జారి చేతిలోకి వచ్చేస్తుంది. కొండ మీద మంచు కూడా ఇలాగే పొరలు పొరలుగా ఉంటుంది. మంచు పడిన ప్రతిసారీ ఒక పొర. చలికాలం మొదట్లో పల్చగా పడిన మంచు, ఆకాశం తేటగా ఉండి గడ్డకట్టే చలి వేసే రాత్రుల్లో లోపల్లోపలే పంచదార పలుకుల్లా మారిపోతుంది. ఒక పలుకు ఇంకో పలుకుకి అంటుకోదు. దాని మీద జనవరిలో రెండు మూడు అడుగుల కొత్త మంచు పడుతుంది. గాలి దాన్ని కొండకి ఒక పక్క ఊడ్చి ఇంకో పక్క పోగేసి గట్టి పలకలా బిగిస్తుంది. పైనుంచి చూస్తే తెల్లగా, నున్నగా, ఒక్క గీత లేకుండా, బోర్డు వేసుకుని దూకేయాలనిపించేలా ఉంటుంది. కింద ఉన్నది పంచదార.

ఆ గైడు 30 సెంటీమీటర్ల చదరంగా ఒక మంచు స్తంభాన్ని చుట్టూ కోసి విడదీస్తాడు. దాని మీద పార పెట్టి, ముందు మణికట్టు ఆడిస్తూ పదిసార్లు, తర్వాత మోచేతి నుంచి పదిసార్లు, ఆ తర్వాత భుజం నుంచి పదిసార్లు తడతాడు. ఎన్నో దెబ్బకి, ఏ లోతులో, ఎంత నున్నగా తెగి జారిందో చూస్తాడు. మా బావ "ఏదో తట్టి చూశాడు" అన్నది ఇదే. ఒక్క గొయ్యి చూసి కొండంతా ఇలాగే ఉందని ఏ గైడూ అనడు. నాలుగు రోజులుగా గాలి ఎటు కొట్టిందో, నిన్న ఎండ ఎంత కాసిందో, పక్క వాలు మీద ఏమైనా జారిందో, నడుస్తుంటే కాళ్ళ కింద "వుమ్" అని మంచు కుంగిన చప్పుడు వస్తోందో లేదో అన్నీ కలిపి చూస్తాడు. ఆ లెక్క కుదరకపోతే వాలు తక్కువ ఉన్న అడవిలోకి తీసుకెళ్తాడు. మంచు చరియలు ఎక్కువగా 30 నుంచి 45 డిగ్రీల వాలు మీదే విరిగిపడతాయి. దరిద్రం ఏంటంటే బోర్డు మీద మజా వచ్చేదీ ఆ వాలు మీదే.

ఇంకో మాట. చరియ ఆకాశం నుంచి ఊడిపడదు. అందులో చిక్కుకున్నవాళ్ళలో దాదాపు పదికి తొమ్మిది మంది విషయంలో దాన్ని కదిలించింది వాళ్ళో, వాళ్ళతో వచ్చినవాళ్ళో.

"మరి మా కళ్ళ ముందే వేరేవాళ్ళు అక్కడ దిగారు కదా, వాళ్ళ గీతలు కూడా ఉన్నాయి" అన్నాడు బావ. నిజమే, దిగే ఉంటారు. మంచు మందంగా ఉన్నచోట నలుగురు దిగినా ఏమీ కాదు. అయిదోవాడు నాలుగు మీటర్లు పక్కకి, మంచు పల్చగా ఉన్న రాయి దగ్గరికి పోతే వాడి బరువు నేరుగా ఆ పంచదారకి తగులుతుంది, వాలు మొత్తం కదులుతుంది. గీతలున్నాయి అంటే ముందువాళ్ళు బతికారు అని మాత్రమే.

గుల్‌మార్గ్‌లో ఇంకో తిరకాసు ఉంది. గండోలా రెండో దశ దాదాపు 3,950 మీటర్ల ఎత్తుకి చేరుస్తుంది. దిగాక ఎదురుగా ఉన్న కొంత భాగాన్ని అక్కడి ప్యాట్రోల్‌వాళ్ళు చూసుకుంటారు, అవసరమైతే పేలుడు పెట్టి చరియని ముందే పడగొడతారు. ఆ హద్దు దాటి పది అడుగులు వేస్తే ఇక నీ కొండ, నీ ఖర్మ. టికెట్ కొనుక్కుని కేబుల్ కారెక్కి వచ్చాం కాబట్టి ఇదంతా పార్కు అనుకుంటాం మనం. 2010 ఫిబ్రవరి 8న గుల్‌మార్గ్ పైనున్న ఖిలన్‌మార్గ్ దగ్గర శిక్షణలో ఉన్న సైనికుల మీద మంచు చరియ పడి 17 మంది చనిపోయారు. మంచు కొండల్లో యుద్ధం నేర్పే సైనిక పాఠశాలవాళ్ళు వాళ్ళు. 2024 ఫిబ్రవరి 22న అదే ఖిలన్‌మార్గ్ వైపు ఒక రష్యన్ స్కీయర్ పోయాడు. స్థానికులెవరినీ తీసుకోకుండా వెళ్ళారని వార్తల్లో వచ్చింది.

ఇక్కడ నా వాదనకి అడ్డం వచ్చేది కూడా చెప్పాలి, లేకపోతే బావ కామెంట్లలో పెడతాడు. 2023 ఫిబ్రవరి 1న అఫర్వత్ మీద ఇద్దరు పోలండ్‌వాళ్ళు చరియలో చనిపోయినప్పుడు వాళ్ళ బృందాలతో స్థానిక గైడ్లు ఉన్నారు. అంటే గైడు తాయత్తు కాదు. మెడలో కట్టుకుంటే దెయ్యం పోదు.

నాకు కోపం వచ్చేది ఈ ప్యాకేజీలు అమ్మేవాళ్ళ మీద కూడా. నా రెండో ట్రిప్పులో ఒక ఏజెన్సీ "గైడుతో ఆఫ్‌పిస్ట్" అని డబ్బు కట్టించుకుంది. పిస్ట్ అంటే గుర్తులు పెట్టి, చదును చేసి, కాపలా కాసే దారి. దాని బయట, ఎవరూ తొక్కని మంచులో జారడం ఆఫ్‌పిస్ట్. పొద్దున వచ్చిన కుర్రాడు మంచివాడే, బోర్డు మీద చేపలా ఈదుతాడు. కానీ మా అయిదుగురికీ బీకన్లు (మంచులో కూరుకుపోతే జాడ తెలిపే, ఒంటికి కట్టుకునే రేడియో పరికరాలు) చేతికిచ్చి "పెట్టుకోండి" అన్నాడు, అంతే. ఒకడు దాన్ని సంచిలో వేసుకున్నాడు, ఇంకొకడు ఫోన్ పక్కనే జేబులో పెట్టుకున్నాడు. నాది ఆన్ చేస్తే బ్యాటరీ అడుగంటింది. పారలు రెండే. ప్రోబ్, అంటే మంచులో గుచ్చి మనిషిని వెతికే పొడుగాటి కడ్డీ, అని అడిగితే నవ్వాడు. నేను గొడవ పెట్టుకుని ఆ రోజు కిందే ఉండిపోయాను. మిగతా నలుగురూ నన్ను పిరికివాడన్నారు. సాయంత్రానికి అందరూ క్షేమంగా దిగొచ్చారు, అది ఇంకా కష్టంగా అనిపించింది నాకు. సంతోషించాలో, ఉక్రోషపడాలో తెలియలేదు.

అసలు గైడు అంటే కొండ అంచున అందరినీ ఆపి, ఒక్కొక్కరినీ తన ముందు నుంచి నడిపించి బీకన్ పలుకుతోందో లేదో వినాలి. వాలు మీదికి ఒకరి తర్వాత ఒకరినే వదలాలి, కింద ఎక్కడ ఆగాలో ముందే చూపించాలి. అందరూ ఒకేసారి దిగి వీడియో తీసుకుంటాం అంటే తిట్టాలి. ఇవేవీ చేయనివాడు నీకు దారి చూపించే తోడు, అంతవరకే.

ఎందుకింత పట్టుదల అంటే లెక్క అలాంటిది. మంచులో కూరుకున్నవాణ్ణి 10 నిమిషాల్లోపు బయటికి తీస్తే పదికి తొమ్మిది మంది దాకా బతుకుతారు. అరగంట దాటితే మూడోవంతుకి పడిపోతుంది. హెలికాప్టరు, పోలీసు, సైన్యం ఎంత వేగంగా వచ్చినా ఆ 10 నిమిషాల్లో రాలేరు. ఆ టైములో అక్కడ ఉండేది నీ పక్కవాళ్ళే. కూరుకుపోయింది గైడే అయితే? వెతకాల్సింది మా బావ. వాడు వైఫై రూటర్ ఆన్ చేయడానికే నాకు ఫోన్ చేస్తాడు.

మళ్ళీ మన గోదావరి సంగతికే వస్తాను. ధవళేశ్వరం దగ్గర వరద 11.75 అడుగులకి చేరితే మొదటి హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. మొదటిది ఎగరేయగానే లంకల్లో ఉన్నవాళ్ళు ఇంకా రెండున్నాయిలే అని పడుకోరు. అప్పటికే కాజ్‌వేల మీదికి నీళ్ళు వచ్చేస్తాయి, గేదెల్ని గట్టు ఎక్కిస్తారు. మంచు చరియలకి కూడా 1 నుంచి 5 దాకా ప్రమాద స్థాయిలు ఉన్నాయి. మన దగ్గర రక్షణ పరిశోధన సంస్థ డీఆర్‌డీఓకి చెందిన డీజీఆర్‌ఈ అనే ల్యాబ్ హెచ్చరికలు ఇస్తుంది. 3 అనగానే మనవాళ్ళు "మధ్యలోదే కదా" అనుకుంటారు. యూరప్‌లో ఎక్కువ మంది చనిపోయేది ఆ 3 ఉన్న రోజుల్లోనే. 5 ఉన్న రోజు ఎవడూ బయటికి రాడు కాబట్టి.

ఇవన్నీ చెప్పినా వాడు ఒప్పుకోలేదు. వాదన వదిలేసి కనుమ రోజు సాయంత్రం పని చేయించాను. వాడు కొత్తగా కొన్న బీకన్ వాడి చేతికిచ్చి, నాది గుడ్డలో చుట్టి, పెరట్లో గడ్డిమేటులో ఎక్కడో దూర్చాను. "వెతుకు, నేనే లోపల ఉన్నాననుకో" అన్నాను.

మొదటిసారి 19 నిమిషాలు పట్టింది. బాణం గుర్తు తిన్నగా పోతుందనుకుని గేదెల పాక దాకా వెళ్ళొచ్చాడు. ఆ సిగ్నల్ తిన్నగా రాదు, వంపు తిరిగి వస్తుంది, దాని వెంటే వంపుగా నడవాలి. దగ్గరికొచ్చాక వంగి, బీకన్‌ని నేలకి ఆనించినంత కిందకి దించి, నిలువుగా అడ్డంగా కదిలిస్తూ అంకె ఎక్కడ తగ్గుతోందో చూడాలి. అక్కడి నుంచి ప్రోబ్. మా దగ్గర ప్రోబ్ లేక దోటీ వాడాం. అత్తయ్య అరుగు మీద నుంచి "గడ్డంతా పాడు చేస్తున్నారు వెధవల్లారా" అని అరుస్తూనే ఉంది. రెండోసారి 8 నిమిషాలు. మూడోసారి 5. అప్పుడు గడ్డిలో కూలబడి, కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత "మొదటిసారి నువ్వు చచ్చిపోయుండేవాడివి కదరా" అన్నాడు.

వచ్చే నెల మళ్ళీ గుల్‌మార్గ్ వెళ్తున్నాడు. రేపు పొద్దున కొబ్బరి తోటలో పీచు గుట్ట దగ్గర ఇంకో విడత ఉంది. మా స్నేహితుడి బీకన్ కూడా తెప్పించాను. ఈసారి గుట్టలో రెండు దాస్తానని వాడికి ఇంకా చెప్పలేదు.