పాత బీరువాలో పది కోళ్లు పట్టవు

పెరటి కోళ్ల గురించి ఎవరు వెతికినా ఫోనులోకి వచ్చి పడే సలహా ఒకటుంది: "పాత చెక్క బీరువా ఒకటి, రెండు పాలెట్లు (సరుకు కింద వేసే చెక్క చట్రాలు), కాస్త కోళ్ల జాలీ ఉంటే చాలు. పైసా ఖర్చు లేకుండా ఒక్క పూటలో పది కోళ్లకు గూడు తయారు. బీరువా దొరక్కపోతే పాడైన ఫ్రిజ్ ఇంకా మేలు, లోపల చల్లగా ఉంటుంది." పాత సామానుతో గూడు కట్టడం మంచి ఆలోచనే. కానీ ఈ సలహాలోని ఒక్కో మాటా తప్పుదారి పట్టించేదే.

ముందు పది కోళ్ల లెక్క చూద్దాం. పగలు బయట తిరిగి రాత్రికి గూట్లో చేరే మామూలు సైజు పెట్టకు లోపల సుమారు 4 చదరపు అడుగుల నేల కావాలి. బయట తిరిగే ఆవరణ కూడా జాలీతో మూసినదైతే అక్కడ తలకు 8 నుంచి 10 చదరపు అడుగులు. 6 అడుగుల ఎత్తు, 3 అడుగుల వెడల్పు, 2 అడుగుల లోతు ఉన్న బీరువాను నిలబెడితే నేల 6 చదరపు అడుగులే. ఎత్తు ఎంతున్నా లెక్కలోకి రాదు, కోళ్లు నిలిచేది నేల మీద కదా. అరలన్నీ తీసేసి అదే బీరువాను పక్కకు పడుకోబెడితే నేల 12 చదరపు అడుగులవుతుంది, ఎత్తు 3 అడుగులు మిగులుతుంది. మూడు పెట్టలకు అది సరిగ్గా సరిపోతుంది. పదింటిని కుక్కితే ఒకదాని ఈకలు ఒకటి పీకడం మొదలవుతుంది. రెట్ట తడికి ఊక రోజూ ముద్దవుతుంది.

పడుకోబెట్టాక ఒక తలుపు కిందికి, ఒకటి పైకి తెరుచుకుంటాయి. కింది తలుపు తెరిస్తే రెట్ట గీకడం సులువు. నేల నుంచి 12 అంగుళాల ఎత్తులో, అంచులు గుండ్రంగా చెక్కిన 2 అంగుళాల వెడల్పు చెక్కను పొడవునా బిగించాలి. కోళ్లు రాత్రి వాలేది దాని మీదే, కాబట్టి ఒక్కోదానికి 8 నుంచి 10 అంగుళాలు చొప్పున లెక్కేసుకోండి. గుడ్లు పెట్టే చోటు ఈ కర్ర కన్నా కిందే ఉండాలి. ఎత్తులో ఉంటే కోళ్లు అక్కడే పడుకుని రెట్ట వేస్తాయి. అడుగు చదరమున్న పెట్టె ఒక్కటి మూడు పెట్టలకు చాలు. నేల తగ్గకుండా దాన్ని పక్క గోడకు బయటివైపు బిగించి, లోపలి నుంచి దారి కోయాలి.

బీరువా దేనితో చేసిందన్నది ఆ సలహా అసలు అడగనే అడగదు. పొట్టును జిగురుతో అదిమి చేసిన బోర్డయితే తడి తగిలిన చోటల్లా ఉబ్బి, స్క్రూలు పట్టు వదిలేస్తాయి. అలాంటిది ఊరికే ఇచ్చినా వద్దు. పాత పెయింటు పొలుసులుగా లేస్తున్నదీ అంతే. అందులో సీసం ఉండే అవకాశం ఉంది, కోడి పొడిచి మింగిన సీసం గుడ్డులోకి చేరుతుంది.

ఫ్రిజ్ మాటకొస్తే, అది చల్లగా ఉండేది కంప్రెసర్ తిరుగుతున్నప్పుడే. ఆగిపోయాక మిగిలేది గాలి చొరబడని పెట్టె. కోడి ఒంటి వేడి 41 డిగ్రీల పైనే. దానికి చెమట పట్టదు, నోరు తెరిచి రొప్పుతూ వేడిని వదిలేస్తుంది. ఆ తడి గాలి, రెట్టలోంచి వచ్చే అమ్మోనియా రెండూ లోపలే చిక్కుకుంటాయి. బెజ్జాలు కొడదామంటే గోడల్లో గ్యాస్ గొట్టాలుంటాయి. కోసిన చోట బయటపడే నురగ బోర్డును కోళ్లు తెగ ఇష్టంగా పొడుచుకు తింటాయి. ఆ ఫ్రిజ్‌లో పనికొచ్చేది కూరగాయల డబ్బా ఒక్కటే, అడుగు వెడల్పుంటే గుడ్ల పెట్టెగా బాగా కుదురుతుంది.

బీరువాకైనా గాలి దారి తప్పదు. కోడికి ఒక చదరపు అడుగు చొప్పున, అదీ పైభాగంలో. మూడు పెట్టలకైతే వెనక పలకలో పై అంచు వెంట 6 అంగుళాల ఎత్తు, 6 అడుగుల పొడవున కోస్తే సరిగ్గా 3 చదరపు అడుగులు వస్తుంది. గాలి ఎదురెదురుగా ఆడాలంటే పై తలుపులో కూడా కొంత కోయాలి. వాలి ఉన్న కోడి తల ఆ కోతకు కిందే ఉంటుంది కాబట్టి చలిగాలి నేరుగా కొట్టదు.

ఆ కోతలకు కోళ్ల జాలీ కొడితే గూడు కట్టినా కట్టనట్టే. ఆరు మూలల కన్నులున్న ఆ పల్చటి జాలీ కోళ్లను లోపల ఆపడానికే, కుక్కను బయట ఆపడానికి కాదు. అర అంగుళం కన్నుల వెల్డ్ మెష్, అంటే ఇనుప తీగలను అతికించి చేసిన గట్టి జాలీ వాడాలి. స్టేపుల్ పిన్నులు లాగితే ఊడొస్తాయి కాబట్టి 4 అంగుళాలకు ఒకటి చొప్పున స్క్రూ, వెడల్పు వాషర్ పెట్టండి. నేల తవ్వి దూరేవాటి కోసం ఆవరణ చుట్టూ అడుగున్నర వెడల్పు మెష్‌ను బయటివైపు నేల మీద పరచి రాళ్లు పెట్టాలి. గూడును ఇటుకల మీద అడుగు ఎత్తున నిలిపితే అడుగున ఎలుకలు కాపురం పెట్టవు. కాబట్టి "పైసా ఖర్చు లేకుండా" అన్నది వట్టిమాట. మెష్, స్క్రూలు, గొళ్లెం, వాలుగా వేసే పైకప్పు రేకు కొత్తవే కొనాలి. బీరువా ఊరికే దొరికితే మిగిలిన డబ్బు పెట్టాల్సింది వీటి మీదే.

పాలెట్ల మీద కంకి గుర్తున్న ముద్ర చూడండి. దాంట్లో హెచ్‌టి అని ఉంటే వేడితో శుద్ధి చేసినది, ఎంబి అని ఉంటే పురుగులను చంపే మిథైల్ బ్రోమైడ్ అనే విషవాయువు పట్టించినది. రెండోది వద్దు, ముద్రే లేనిదీ వద్దు. హెచ్‌టి అని ఉన్నా నూనె, రసాయనాల మరకలుంటే పక్కన పడేయండి. ఆ ముద్ర చెక్క శుద్ధి గురించే చెబుతుంది, తర్వాత దాని మీద ఏం ఒలికిందో చెప్పదు.

ఇక "ఒక్క పూట". ఎవరో కోళ్లు పెంచి వదిలేసిన గూడు తెచ్చుకుంటే కడగడానికే అంతకన్నా ఎక్కువ పడుతుంది. సందుల్లో దాగే ఎర్ర నల్లులు రక్తం దొరక్కపోయినా నెలల తరబడి బతుకుతాయి. ముందు రెట్టంతా పొడిగా గీకి తీసి, సబ్బు నీళ్లతో రుద్ది కడిగి, ఆ తర్వాతే బ్లీచ్ నీళ్లు. రెట్ట మీదే బ్లీచ్ పోస్తే అమ్మోనియాతో కలిసి విషవాయువు పుడుతుంది. పైగా మురికి మీద బ్లీచ్ పనిచేయదు కూడా. కడిగాక ఎండలో పూర్తిగా ఆరనివ్వాలి. కోళ్లు చేరిన వారానికి, చీకటి పడ్డాక వాలే కర్ర అడుగున తెల్లగుడ్డ రుద్ది చూడండి. ఎర్రటి మరకలు అంటితే నల్లులున్నట్టే.

కోళ్లను వదిలే ముందు నేలంతా ఒకసారి అయస్కాంతం తిప్పండి. మెష్ కోసినప్పుడు రాలిన తీగ ముక్కలు మెరుస్తుంటాయి, కోళ్లు వాటిని గింజలనుకుని మింగేస్తాయి. పైపూత జింకుదే అయినా లోపల ఉన్నది ఇనుమే కాబట్టి అయస్కాంతానికి అంటుకుంటాయి.