దోమకు అందని సర్క్యులర్

పాడేరు చుట్టుపక్కల మన్యం గ్రామాల్లో ఏటా వానలకు ముందు ఒక విడత, వానల నడుమ మరో విడత మలేరియా రాకుండా ఇళ్ల లోపలి గోడలకు దోమల మందు పిచికారీ చేయిస్తారు. ఈ కార్యక్రమంలో లోపం వెతకడం ఎంత కష్టమో దాని నివేదికలు చదివితేనే తెలుస్తుంది. లక్ష్యం గడిలోని అంకె, పూర్తయిన పని గడిలోని అంకె కవలపిల్లల్లా ఒకరి పక్కన ఒకరు కూర్చుని ఉంటారు. ఇంత జరిగాక కూడా జ్వరాలు వస్తున్నాయంటే తప్పు దోమదే అయి ఉండాలి.

నిజానికి ఈ పద్ధతి అంతా దోమ అలవాటు మీద నమ్మకంతో నడిచేది. మలేరియాను మోసే ఆడ అనాఫిలిస్ దోమ రాత్రివేళ మనిషి రక్తం తాగి, బరువెక్కిన పొట్టతో దూరం ఎగరలేక దగ్గరి గోడ మీద వాలుతుంది. ఆ గోడ మీద ఆరి ఉన్న మందు కాళ్లకు అంటుకుని చస్తుంది. దాని పొట్టలో చేరిన పరాన్నజీవి మరొకరికి సంక్రమించేంతగా ఎదగడానికి పది పన్నెండు రోజులైనా పడుతుంది కనుక, ఈలోగా దోమ చస్తే పని అయినట్టే. కుట్టనివ్వనని మందు ఎన్నడూ మాట ఇవ్వలేదు. "మందు కొట్టినా కుడుతూనే ఉన్నాయి" అని విసుక్కునే ఇంటివాళ్లకు ఈ సంగతి ఎవరూ వివరించకపోవడానికి కారణం, వివరిస్తే వాళ్లు లోపలి గది తలుపు కూడా తెరుస్తారేమోనన్న ముందుజాగ్రత్త కావచ్చు.

చిక్కంతా ఆ లోపలి గదితోనే. పంపు మోసుకొచ్చిన కూలీని వసారా దాటనివ్వరు. తిండిగింజలున్నాయని వంటింట్లోకి వద్దంటారు, దేవుడి మూల అసలే వద్దంటారు, వాసన పడదని పడుకునే గదిలోకీ వద్దంటారు. ఈ అభ్యంతరాలన్నీ న్యాయమైనవే. ముందురోజు కబురు పెట్టి ఉంటే సామాను బయట పెట్టుకుని ఉండేవారు. కబురూ కాకరకాయా లేకుండా, ఇంటిల్లిపాదీ పోడు పనికి వెళ్లిన వేళ వస్తే, దినకూలీకి దొరికిన ఆ పనివాడు మాత్రం తాళానికి మందు కొట్టలేడు కదా! ఫలితంగా మందు వసారాకు, మంచాలు లోపలి గదికి దక్కుతాయి. కొండవాగుల్లో పుట్టి ఎక్కువగా మనుషుల ఇళ్లలో బస చేసే ఫ్లూవియాటిలిస్ అనే అనాఫిలిస్ రకం దోమ లోపల భోంచేసి, వసారాలోకి వచ్చి విశ్రమించాలన్నది మన ఏర్పాటు. ఆ మేరకు దానికి సర్క్యులర్ అందినట్టు లేదు. ఇక పండక్కి ఎర్రమట్టితో అలికిన ఇంటిలో మందు మట్టి కింద భద్రంగా ఉంటుంది, ఏ దోమ కాలికీ తగలనంత భద్రంగా.

మలేరియాను దోమలే మోస్తాయని తేల్చడానికి 1897లో సికింద్రాబాదులో రొనాల్డ్ రాస్ దోమల పొట్టలు కోసి చూశాడు. మన పర్యవేక్షకులు తలుపు తోసి చూసినా చాలు.

అలాగని మందే దండగ అనడం అన్యాయం. 1953లో జాతీయ మలేరియా నియంత్రణ కార్యక్రమం మొదలయ్యేనాటికి దేశంలో ఏటా ఏడున్నర కోట్ల మలేరియా కేసులు, 8 లక్షల మరణాలు ఉండేవని అంచనా. డీడీటీ అనే దోమల మందు గోడలకెక్కాక 1965 నాటికి కేసులు లక్ష దాకా దిగివచ్చాయి. గెలిచామనిపించగానే పట్టు సడలించాం, 1976లో 64 లక్షల కేసులు చూశాం. ఈలోగా అనాఫిలిస్‌లోనే మరో రకమైన క్యూలిసిఫేసిస్ దోమ డీడీటీని తట్టుకోవడం నేర్చుకుంది. మనం సింథటిక్ పైరిథ్రాయిడ్లనే మరో తరహా మందులకు మారితే, చాలాచోట్ల వాటినీ తట్టుకుంటోంది. శిక్షణ కార్యక్రమాలు దోమల్లోనే సక్రమంగా జరుగుతున్నాయని ఒప్పుకోక తప్పదు.

ప్రభుత్వానికి నాదొక విన్నపం. పర్యవేక్షణను మిట్టమధ్యాహ్నం జీపులో కూర్చుని కాక, రాత్రిపూట చేయించాలి. పిచికారీ పూర్తయిందని సంతకం చేసిన అధికారి, ఆ ఊళ్లో ఏదో ఒక ఇంటి లోపలి గదిలో, దోమతెర లేకుండా ఒక్క రాత్రి పడుకోవాలి. టీఏ, డీఏలు నిబంధనల ప్రకారం చెల్లించవచ్చు. జ్వరం వస్తే మెడికల్ లీవు కూడా తప్పక మంజూరు చేయాలి. అయితే ఫాల్సిపారం అనే ప్రమాదకర రకం మలేరియా మనిషి ఒంట్లో బయటపడడానికి సాధారణంగా 9 నుంచి 14 రోజులు తీసుకుంటుంది కనుక, మర్నాడు ఉదయమే వచ్చిపడే దరఖాస్తులను పరిశీలించనవసరం లేదు.