కార్టిసాల్ శిబిరం పెట్టేవారికి సూచనలు

బెంగళూరు ఐటీ పార్కుల్లో ఉద్యోగుల దిగులును రక్తంలోని కార్టిసాల్ అనే ఒత్తిడి హార్మోనుతో కొలిచి చూపించాలని ముచ్చటపడే హెచ్ఆర్ వారికి నమస్కారం. రిపోర్టు ఎంత తికమకగా వస్తే వెల్‌నెస్ ప్యాకేజీ అంత బాగా అమ్ముడుపోతుంది. ఆ దిశగా కొన్ని మెలకువలు.

రక్తం మధ్యాహ్నం 3 గంటలకు తీయించండి. కార్టిసాల్ నిద్ర లేచిన అరగంట, ముప్పావుగంటకి పతాకస్థాయికి చేరి, అర్ధరాత్రికి అడుగంటుతుంది. 3 గంటల రక్తాన్ని ఉదయం 8 గంటల కొలతలతో పోల్చారంటే సగం ఆఫీసు 'తక్కువ' కింద తేలుతుంది. రాత్రి షిఫ్టువాళ్ళ సంగతి చెప్పనే అక్కర్లేదు.

ఆడవాళ్ళని మాత్రల గురించి అడక్కండి. ఇది ముఖ్యం. ఈస్ట్రోజెన్ ఉన్న గర్భనిరోధక మాత్ర వేసుకుంటే, కార్టిసాల్‌ని మోసే ప్రోటీన్‌ని కాలేయం ఎక్కువగా తయారుచేస్తుంది. ఆ ప్రోటీన్ బీఎంటీసీ సిటీ బస్సు అనుకోండి, కార్టిసాల్ అందులోని ప్రయాణికులు. మామూలు రక్తపరీక్ష బస్సులో కూర్చున్నవాళ్ళనీ, దిగి నడుస్తున్నవాళ్ళనీ కలిపి లెక్కేస్తుంది. పని చేసేది దిగినవాళ్ళే. బస్సులు పెరిగాయి కాబట్టి అంకె కొండెక్కుతుంది, మనిషి మాత్రం బాగానే ఉంటుంది. ఉమ్మి పరీక్షలో దిగినవాళ్ళే కనబడతారు, కనుక దాని జోలికి పోవద్దు. తప్పకపోతే పళ్ళు తోముకున్న మరుక్షణమే తీయించండి. చిగుళ్ళ నెత్తురు కలిసి మన పరువు నిలబెడుతుంది.

ఇక మనిషిని కావాలని ఒత్తిడిలో పెట్టి కార్టిసాల్ ఎంత పెరుగుతుందో చూసే, 1993లో వచ్చిన ట్రయర్ పరీక్ష ఊసెత్తకండి. మొహంలో ఏ భావమూ చూపని న్యాయనిర్ణేతల ముందు 5 నిమిషాలు ప్రసంగం, తర్వాత 5 నిమిషాలు 1022 నుంచి 13 చొప్పున వెనక్కి లెక్క. (మన అప్రైజలే, కాస్త మర్యాదగా.) ఇందులో ఉమ్మిలోని కార్టిసాల్ సగటున మగవాళ్ళలోనే ఎక్కువగా ఎగుస్తుంది. ఆడవాళ్ళలో నెలసరి చక్రం మొదటి సగంలో తక్కువ, అండం విడుదలయ్యాక మగవాళ్ళకి దగ్గర, మాత్ర వేసుకునేవాళ్ళలో మందకొడి. డిప్రెషన్ మాత్రం ఆడవాళ్ళలో దాదాపు రెట్టింపు. 'కార్టిసాల్ ఎక్కువైతే దిగులు ఎక్కువ' అన్న మీ స్లైడు అక్కడే బోర్లా పడుతుంది. ఎవరైనా నిలదీస్తే, ఆ తేడా యుక్తవయసులో మొదలవుతుందనీ, అది హెచ్ఆర్ పరిధిలోకి రాదనీ చెప్పండి.

పరీక్ష బల్ల మీద డిప్రెషన్ లక్షణాలు ఆరా తీసే పీహెచ్‌క్యూ-9 కాగితం మాత్రం ఉంచకండి. గత రెండు వారాల్లో నిద్ర, ఆకలి, ఆసక్తి ఎలా ఉన్నాయంటూ తొమ్మిది ప్రశ్నలు అడుగుతుంది. సూదీ లేదు, బిల్లూ లేదు. గోడ మీద ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలి మానస్ 14416 నంబరు కూడా వద్దు. ఫోన్ ఉచితం, పైగా తెలుగులో మాట్లాడతారు.